ఐసు బండికి దారి

పోయిన నెలలో ఒక పొద్దున్నే, నా చెయ్యి ఇడ్లీ పిండిలో ఉండగా ఫోను మోగింది. అవతల జయరాజు బాబాయి, మా నాన్నగారి ఆఖరి తమ్ముడు. ఎనభై దగ్గర పడుతున్నా ఇప్పటికీ పక్కన ఇంజను మోగుతున్నట్టే అరుస్తాడు. "చిట్టీ, నీ బండి దొరికిందే!" అన్నాడు. "ఏ బండి బాబాయ్?" అన్నాను. "ఏ బండేమిటే, మన బండి! పూర్తిగా కాదులే, ఒక ముక్క. కొల్లేటికోట దారిలో సుబ్బారావుగారి చెరువు లేదూ, అందులో ఉంది." చెరువులో అనగానే నా ప్రాణం ఉసూరుమంది. "మునిగిపోయిందా?" అన్నాను. "మునగడమేమిటి, శుభ్రంగా తేలుతోంది. వచ్చి చూసుకో," అని నేను ఇంకేదో అడిగేలోపే పెట్టేశాడు. చెయ్యి కడుక్కున్నాను గానీ ఆ పూట ఇడ్లీలు గట్టిగా వచ్చాయి. నా మనసు అప్పటికే ఏలూరులో, ఐసు ఫ్యాక్టరీ వెనకాల ఉన్న రేకుల షెడ్డులోకి వెళ్లిపోయింది.

మా ఇల్లు ఐసు ఫ్యాక్టరీ ప్రహరీకి ఆనుకునే ఉండేది. నాన్నగారు ఐసు తయారు చేయించి కొల్లేటి ఊళ్లకు పంపేవారు. అక్కడి నుంచి వచ్చిన చేపల్ని బుట్టల్లో ఐసు, ఊక వేసి కట్టించి కలకత్తా రైలుకి ఎక్కించేవారు. అందుకని మా ఇంట్లో మూడు వాసనలు ఎప్పుడూ ఉండేవి: తడిసిన ఊక, చేప, అమ్మోనియా. ఫ్యాక్టరీ గొట్టంలో ఎక్కడైనా అమ్మోనియా కారిన రోజున ఇంటిల్లిపాదీ కళ్లు తుడుచుకుంటూ తిరిగేవాళ్లం, వచ్చిన చుట్టాలు ఏమి కబురు తెలిసిందోనని హడలిపోయేవాళ్లు. పెళ్లై ఊరు మారాక చాలా కాలం నాకు ఏ ఇల్లూ ఇల్లులా అనిపించలేదు. ఎందుకో అర్థమయ్యేది కాదు. ఒకరోజు మార్కెట్లో చేపల గంప పక్కన నిలబడి గుండెనిండా గాలి పీల్చుకుంటున్నప్పుడు తెలిసింది.

సాయంత్రం దీపాలు పెట్టగానే నాయనమ్మ అందరినీ కూర్చోబెట్టి ప్రార్థన చేయించేది. ఆవిడ ప్రార్థనలో ఊరంతా ఉండేది. ముందు పాస్టరుగారి మోకాళ్ల నొప్పులు, తరవాత వాన, తరవాత రైలు ఆలస్యం కాకుండా ఉండటం, ఆ తరవాత ఇంట్లో ఒక్కొక్కరి పేరు. బాబాయి వంతు వచ్చేసరికి గొంతు మారేది. "ప్రభువా, ఈ జయరాజుకి కుదురు ఇవ్వు తండ్రీ," అనేది. బాబాయి కళ్లు మూసుకునే "ఆమెన్" అనేవాడు. ఆ చేతులకి గ్రీసు ఉండేది. కిరసనాయిలుతో ఒకసారి, కుంకుడుకాయలతో ఒకసారి కడిగినా గోళ్ల చుట్టూ నల్లటి గీత పోయేది కాదు. అమ్మ అతని కంచం విడిగా ఉంచేది. కోపంతో కాదు, కంచం అంచుకి కిరసనాయిలు వాసన పట్టేసింది కాబట్టి.

నాన్నగారు తక్కువ మాట్లాడే మనిషి. నచ్చకపోతే "ఊఁ" అనేవారు. నచ్చితే "అదీ!" అనేవారు. ఆ "అదీ" కోసం మేం ఎంత పనైనా చేసేవాళ్లం. నాకు అన్నదమ్ములు లేరు. ఐసు వ్యాను డ్రైవరు పోలయ్యకి తరచూ జ్వరం వచ్చేది, ఎక్కువగా కొత్త సినిమా వచ్చిన వారంలో. ఐసు మాత్రం ఎవరి జ్వరం కోసమూ ఆగదు. చివరికి నాన్నగారు విసిగిపోయి నన్ను వ్యాను ఎక్కించి నేర్పారు. అదీ మంచి రోడ్డు మీద కాదు, కొల్లేటి చెరువుల గట్ల మీద. అటు నీళ్లు, ఇటు నీళ్లు, మధ్యలో ఒక్క బండికి సరిపోయే దారి. కాలేజీలో చదువుకుంటున్న, సీటు మీద దిండు వేసుకుంటే తప్ప ముందు దారి కనపడని పొట్టిపిల్లని ఆ గట్ల మీద వదిలారంటే ఆయన ధైర్యమే ధైర్యం.

ఆ గట్ల మీద ఒక చట్టం ఉండేది. ఎవరూ రాసి పెట్టింది కాదు, పోలీసులు వచ్చి అడిగేదీ కాదు. ఐసు ఉన్న బండికి మిగతా వాళ్లందరూ దారి ఇవ్వాలి. అది చేపతో వస్తున్నా సరే, చేప కోసం వెళ్తున్నా సరే. ఖాళీ బండి గట్టు మీద హారన్ కొట్టకూడదు. కాబట్టి వెనక హారన్ వినపడిందంటే ఐసు వస్తోందని అర్థం, తిరిగి చూడక్కర్లేదు. దారి వెడల్పుగా ఉన్నచోట ఎడమకి తీసి, చెయ్యి బయటపెట్టి వెళ్లమని ఊపాలి. మోతుబరి జీపైనా, పెళ్లివారి కారైనా అంతే. ఒకసారి నేను ఖాళీ వ్యానుతో వస్తూ, హారన్ విని కూడా కాస్త ముందుకి వెళ్లాక తీద్దాంలే అని సాగదీశాను. నాన్నగారు "ఊఁ" అన్నారు. తరవాత మెల్లగా చెప్పారు, "ఐసు ఆగదమ్మా. మనమే ఆగాలి." ఆ రోజు నుంచి హారన్ చెవిన పడేసరికి నా చేతులు నన్ను అడక్కుండానే ఎడమకి తిరిగేవి.

ఇక బండి సంగతి. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసే శెట్టిగారు నాన్నగారికి స్నేహితులు. జంగారెడ్డిగూడెం వైపు పొగాకు కొనడానికి వచ్చి కొన్నాళ్లు ఉన్న ఒక దొరగారు, వెళ్లిపోతూ తన కారును శెట్టిగారి గోడౌన్లో పెట్టి వెళ్లాడట. మళ్లీ వస్తానన్నాడు, రాలేదు. చివరికి వద్దు, ఎవరికైనా ఇచ్చెయ్యమని కబురు పంపాడు. ఏదో పని మీద తాడేపల్లిగూడెం వెళ్లిన బాబాయిని చూసి శెట్టిగారు, "జయరాజుగారూ, మీకు పుణ్యముంటుంది, దీన్ని పట్టుకుపోండి. సరుకు వచ్చేవేళకి నాకా మూల కావాలండీ," అన్నారు. అలా ఉల్లిపాయల లారీలో, బస్తాల మధ్య కూర్చుని వచ్చింది మా ఇంటికి ఆ రెండు సీట్ల రేసు కారు. ఎర్ర రంగు వెలిసిపోయి ఇటుక రంగులోకి వచ్చింది. నా నడుము దాకా కూడా లేదు ఎత్తు. ఎన్నిసార్లు కడిగినా ఉల్లిపాయ వాసన మాత్రం దాన్ని వదల్లేదు. మా ఇంటి వాసనలకి అది నాలుగోదైంది.

చూడటానికి జనం వచ్చారు. వచ్చిన ప్రతివారూ పెద్దమనిషి తరహాలో ముందు మూత ఎత్తేవారు. లోపల ఒక రేడియేటరు తప్ప ఖాళీ. "అయ్యయ్యో! ఇంజను ఎవరో కొట్టేశారండీ!" అని బాబాయిని ఓదార్చేవారు. వెనక డిక్కీలో ఉంటుందండీ అని ఇంకొకరు వెళ్లి అదీ తీసి చూసి పెదవి విరిచేవారు. అప్పుడు బాబాయి పెళ్లికొడుకులా నడిచి వచ్చి, సీట్ల వెనకాల, వెనక చక్రాలకి ముందు ఉన్న మూత ఎత్తి చూపించేవాడు. ఇంజను అక్కడుంది, బండి నడుమ. పాస్టరుగారు వంగి చూసి, "నడుమ పెట్టడమేమిటయ్యా, కూర్చునే చోట?" అన్నారు. నాయనమ్మకి అదే అనుమానం వచ్చింది. ఆవిడ కొల్లేటి ఊళ్లో, దోనె పడవల మధ్య పుట్టి పెరిగిన మనిషి. బాబాయి ఆవిణ్ణే అడిగాడు, "అమ్మా, దోనెలో బస్తా ఎక్కడ వేస్తావు?" "నడిమిన వేస్తాను." "ఎందుకూ?" "మొన మీద వేస్తే మొన తిరగదు. వెనకేస్తే వెనక భాగం ఈడ్చుకుపోతుంది. ఆమాత్రం తెలీదట్రా?" "ఇదీ అంతేనమ్మా. బరువు నడుమ ఉంటే బండి చెప్పిన మాట వింటుంది," అన్నాడు. నాయనమ్మ కాసేపు కారును చూసి, "బండైనా వింటుందిలే," అని లోపలికి వెళ్లిపోయింది.

బాబాయికి చెప్పుకోదగ్గ ఉద్యోగం లేదు. ఫ్యాక్టరీ వెనక షెడ్డులో పడవ ఇంజన్లు, నీళ్ల పంపులు బాగుచేస్తూ ఉండేవాడు. నాన్నగారికి ఆ షెడ్డు ఊక నిలవ చేసుకోవడానికి కావాలి, తమ్ముడికి నిలకడైన బతుకూ కావాలి. చర్చి పెద్దలతో మాట్లాడి మిషన్ స్కూల్లో గుమాస్తా పని ఖాయం చేసి వచ్చారు. సరిగ్గా అప్పుడే శెట్టిగారు కబురు పంపారు: విశాఖపట్నం, మద్రాసు నుంచి కార్ల పిచ్చి ఉన్నవాళ్లు కొందరు కలిసి గూడెంలో, యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే మీద ఒక శనివారం సరదాగా పోటీ పెట్టుకుంటున్నారని, మొదటి ముగ్గురికి ఇత్తడి కప్పులు ఇస్తారని. ఆదివారమైతే నాయనమ్మ ఆ మాటే ఎత్తనిచ్చేది కాదు. బాబాయి భోజనాల దగ్గర కంచం మీంచి తల ఎత్తకుండా, "అన్నయ్యా, మీరు ఒక్క అవకాశం ఇవ్వండి. ఈ బండి తయారుచేసి పోటీకి తీసుకెళ్తాను. తరవాత మీరేం చెప్తే అది," అన్నాడు. నాన్నగారు పులుసు కలుపుకుంటూ, "మూడు కప్పుల్లో ఒకటి తీసుకురా. షెడ్డు నీది. తేలేకపోతే సోమవారం తెల్లచొక్కా వేసుకుని స్కూలుకెళ్లాలి," అన్నారు. బాబాయి తల ఊపాడు. గుమాస్తా పని చెడ్డదేమీ కాదు. కానీ ఆ షెడ్డు పోతే బాబాయి బతుకుతాడు గానీ బాబాయిలా బతకడని నాకు తెలుసు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

పాత ఇంజను బిగుసుకుపోయింది. విప్పి చూస్తే లోపల తుప్పూ, ఎలకల గూడూ తప్ప పనికొచ్చేదేమీ లేదు. బాబాయి ఎక్కడో పొలంలో బోల్తాపడిన టాక్సీ ఇంజను ఒకటి తెచ్చాడు. అది మంచిదే గానీ పాతదానికంటే జానెడు పొడుగు. వెనక్కి జరపడానికి చక్రాల ఇరుసు అడ్డం. అందుకని సీట్ల వెనకున్న రేకు గోడ కోసి జానెడు ముందుకి తెచ్చి అతికాడు. అతుకు చక్కగా కుదిరింది, అందరం మెచ్చుకున్నాం. తరవాత బాబాయి కులాసాగా లోపలికి దిగి కూర్చున్నాడు. దిగాడు కాదు, దిగబడ్డాడు. ఆరడుగుల మనిషి, మోకాళ్లు గెడ్డానికి తగిలాయి, స్టీరింగ్ మోకాళ్ల మధ్య ఇరుక్కుంది. బయటికి లాగడానికి అమ్మా నేనూ చెరో చెయ్యీ పట్టుకోవలసి వచ్చింది. తన బండి తనకే పట్టదని ఆ మనిషికి అప్పుడు తెలిసింది. తరవాత మెల్లగా నావైపు తిరిగాడు. నన్ను పైనుంచి కిందికి చూసి, "చిట్టీ, ఒకసారి కూర్చోవే," అన్నాడు. కూర్చున్నాను. నాకే కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

అమ్మ గగ్గోలు పెట్టింది. "ఏవండీ, పెళ్లి కావలసిన పిల్లండీ!" అంది. నాన్నగారు పేపరు మడిచి, "గట్టు మీద ఐసు వ్యాను నడిపినప్పుడు పెళ్లి కావలసిన పిల్ల కాదా?" అన్నారు. ఆ మర్నాటి నుంచి అమ్మే గోనెగుడ్డతో నా సీటుకి మెత్త కుట్టడం మొదలుపెట్టింది. పాస్టరుగారు తన స్కూటరు హెల్మెట్టు ఇచ్చి, ఆదివారానికల్లా తిరిగి ఇవ్వాలమ్మా అన్నారు.

మొదటిసారి బండి నడిపిన రోజు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. బాబాయి గేరుపెట్టె మొత్తం విప్పి, పళ్లన్నీ తోమి, మళ్లీ బిగించాడు. ఇంజను మొదటి పట్టుకే మోగింది. ఊకలో నిద్రపోతున్న పిల్లులు ప్రహరీ దూకేశాయి. నేను మొదటి గేరు వేసి, ఎదురుగా తెరిచి ఉన్న గేటువైపు చూసి, క్లచ్చి వదిలాను. బండి సర్రున వెనక్కి వెళ్లింది. వెనకాల నాయనమ్మ చాపల మీద ఎండబెట్టిన రొయ్యలున్నాయి. రెండో గేరు వేస్తే ముందుకి పోతుందనుకుని వేశాను, ఇంకా జోరుగా వెనక్కి పోయింది. లోపల పెద్ద పళ్లచక్రాన్ని అటు వైపు పెట్టాల్సింది ఇటు బిగించాడు మా బాబాయి. దాంతో మా బండికి ముందుకి పోయే గేరు ఒక్కటే, మిగతావన్నీ వెనక్కే. నాయనమ్మ చీపురు పట్టుకుని నిలబడి నలిగిన రొయ్యల్ని చూసి, "కుదురు ఇవ్వమన్నాను గానీ ఇలా తిరోగమనం ఇవ్వమన్నానా ప్రభువా," అంది. బాబాయి గేరుపెట్టె మళ్లీ విప్పి సరిగ్గా బిగించాడు. ఆ వారమంతా మా ఇంట్లో రొయ్యల పొడే కూర. ప్రార్థనలో ఆ రోజు నుంచి బండికి కూడా ఒక వాక్యం చేరింది.

కొత్త ఇంజను ఎత్తు కూడా ఎక్కువే, పాత మూత పడలేదు. బాబాయి కొల్లేటి ఒడ్డున రేకు పడవలు చేసే వెంకన్న దగ్గరికి వెళ్లి కొలతలు ఇచ్చాడు. వెంకన్న అల్యూమినియం రేకుతో, లోపల సన్నటి పక్కటెముకలు పెట్టి, నున్నగా వంచి, ముద్దొచ్చే మూత ఒకటి చేశాడు. చేసిచ్చాక, "ఇందులో ఎంతమంది కూర్చుంటారండీ?" అని అడిగాడు. దాన్ని బోర్లిస్తే మూత, వెల్లకిలా వేస్తే చిన్న పడవ. అతని చేతికి తెలిసిన వంపు అదొక్కటే మరి. వేడి పోవడానికి దానికి వరసగా బెజ్జాలు పెట్టమంటే వెంకన్న మాత్రం ససేమిరా అన్నాడు. "నా చేత్తో చేసినదానికి నేను చిల్లులు పెట్టనండీ జయరాజుగారూ. మీరు ఏవైనా అనుకోండి." బాబాయికి కూడా అంత అందమైన వస్తువుకి చిల్లులు పెట్టడానికి మనసొప్పలేదు. ఎర్ర రంగు వేసి, చెక్కముక్కలు పెట్టి కొంచెం ఎత్తి ఉంచుదాంలే అన్నాడు. ఇద్దరికిద్దరే.

దాంతో వేడి వచ్చిపడింది. ఇంజను నడుమ ఉన్నా నీళ్లు చల్లార్చే రేడియేటరు ముందు ఉండేది. కాగిన నీళ్లు అటూ ఇటూ పోయే గొట్టాలు సరిగ్గా నా తొడ పక్కనుంచి వెళ్లేవి. వెనక మూతలో చిల్లుల్లేవు. గూడెం రన్‌వే మీద పరీక్షకి వెళ్లిన రోజున మంచి దారి, మంచి బండి, చక్రం చిటికినవేలితో తిప్పితే తిరిగేది. అంత సుఖంలోనూ నేను కెవ్వున అరుస్తూ దిగాను. కాలు ఎర్రగా కమిలింది. అమ్మ ఏడ్చింది. నాన్నగారు కాలు చూశారు, గొట్టాలు చూశారు, ఒక్క మాటన్నారు: "ఐసు పెట్టండి." మా ఇంట్లో పాలు విరిగేలా ఉన్నా, జ్వరం వచ్చినా, మామిడిపళ్లు ఎక్కువ ముగ్గినా వైద్యం అదే. చేపల బుట్టలు కట్టేవాళ్లే వచ్చి, గోనెసంచిలో ఐసు ముక్కలూ ఊకా కూరి, గొట్టాలకీ నా సీటుకీ మధ్య చేపల బుట్ట కట్టినంత శ్రద్ధగా కట్టారు. నా కాలు చల్లబడింది. బండి కింది నుంచి నీళ్లు చుక్కచుక్కగా కారేవి. రేసు కార్లలో అలాంటిది ప్రపంచంలో అదొక్కటే అయ్యుంటుంది.

పోటీ రోజున మా ఇల్లంతా కదిలింది. నాయనమ్మ పులిహోర, వేయించిన చేపముక్కలు క్యారియర్లలో పెట్టించింది. శెట్టిగారు వాళ్లింటి నుంచి కుర్చీలు తెప్పించి రన్‌వే పక్కన వేయించారు. పట్నాల నుంచి వచ్చినవాళ్లవి మెరిసే కార్లు. తలుపులు పీకి, సీట్లు పీకి, అద్దాలు కూడా తీసేసి తేలిక చేసుకున్నారు. ఒకాయన మా బండి కింద మడుగు చూసి, చెయ్యి పెట్టి, ఉలిక్కిపడి, "ఇందులో చేపలున్నాయా అండీ?" అని అడిగాడు. "లేవండీ, మా అమ్మాయి ఉందండీ," అన్నాడు బాబాయి.

రన్‌వే ఈ చివరా ఆ చివరా తారు పీపాలు పెట్టారు, వాటి చుట్టూ తిరిగి రావాలి. తిన్నటి దారిలో అందరూ నన్ను దాటేవాళ్లు. పీపా దగ్గరికి వచ్చేసరికి ఆ బరువు బళ్ల ముక్కులు తిరగక టైర్లు కీచుమంటూ పక్కకి జారేవి. మా బండి నాయనమ్మ చెప్పిన దోనెలా నిలబడ్డచోట తిరిగేది. పీపా పీపాకీ ఒక్కొక్కరు వెనకపడ్డారు. బాబాయి పీపా దగ్గర నిలబడి తువ్వాలు తిప్పుతూ అరుస్తున్నాడు, మాటలు వినపడలేదు గానీ పళ్లన్నీ కనపడ్డాయి. ఆఖరి చుట్టుకి నేను రెండో స్థానంలో ఉన్నాను. నా జీవితంలో అంత సంతోషం మళ్లీ కొన్నిసార్లే కలిగింది. షెడ్డు దక్కింది అనుకున్నాను. సరిగ్గా అప్పుడు నా వెనక నీలం కారు హారన్ మోగింది, చాలా పొడుగ్గా.

నా చేతులు నన్ను అడగలేదు. బండిని ఎడమకి తీశాను. తీసి ఊరుకున్నానా, వేగం తగ్గించి, చెయ్యి బయటపెట్టి, వెళ్లమని మర్యాదగా ఊపాను కూడా. నీలం కారు వెళ్లిపోయింది. దాని వెనకే వస్తున్న తెల్లకారు కూడా, దారి ఎలాగూ ఉందికదా అని వెళ్లిపోయింది. అమ్మ తరవాత చెప్పింది: నేను ఎడమకి తీయగానే కుర్చీలో నాన్నగారు అలవాటుకొద్దీ "అదీ!" అన్నారట. అనేశాక నోటి మీద చెయ్యి పెట్టుకున్నారట. నేను నాలుగోదాన్నై వచ్చాను. కప్పులు మూడే.

నేను దిగీ దిగకముందే బాబాయి పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందే? బండి ఏమైనా చెడిందా?" అన్నాడు. "హారన్ కొట్టాడు బాబాయ్," అన్నాను. నోరు తెరిచి నన్నే చూసి, అక్కడే గడ్డిలో కూలబడ్డాడు. ఇంతలో నీలం కారాయన హెల్మెట్టు చంకలో పెట్టుకుని వచ్చాడు. విశాఖపట్నం మనిషి, మర్యాదస్తుడు. "ఏమీ అనుకోకండి గానీ, దారి ఎందుకిచ్చారండీ? మీరు తప్పుకుంటారని నేను కలలో కూడా అనుకోలేదు," అన్నాడు. "మీరు హారన్ కొట్టారు కదండీ," అన్నాను. నాకు ఏడుపు వచ్చేసింది.

అప్పుడు నాన్నగారు వచ్చారు. పంచె అంచు పట్టుకుని నెమ్మదిగా నడిచి వచ్చి, ఆ నీలం కారు చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి తొంగి చూశారు. "మీ బండిలో లోడు ఏముందండీ?" అని అడిగారు. ఆయన తెల్లబోయి, "ఏమీ లేదండీ. స్టెప్నీ కూడా తీసేశాం," అన్నాడు. నాన్నగారు మా బండి దగ్గరికి వచ్చి, నీళ్లోడుతున్న గోనెసంచి మీద అరచెయ్యి వేశారు. "మా దాంట్లో ఐసు ఉందండీ," అన్నారు. చుట్టూ మా ఫ్యాక్టరీ వాళ్లూ, కొల్లేటి వైపు నుంచి పోటీ చూడటానికి వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లందరికీ ఒక్కసారే అర్థమైంది, ఒక గొంతు "అవునండోయ్!" అంది. "ఖాళీ బండి హారన్ కొట్టకూడదండీ," అన్నారు నాన్నగారు, కోపం ఏమాత్రం లేకుండా, కొత్తవాళ్లకి దారి చెప్పినట్టు. "ఐసు ఉన్న బండికి మీరే దారి ఇవ్వాలి." పాపం ఆయనకి ఏమీ అర్థం కాలేదు. అయినా అంతమంది తలలు ఊపుతుంటే తనదే తప్పని నమ్మేశాడు. "క్షమించండి, నాకు తెలియదండీ," అన్నాడు. నిజంగానే తన కప్పు తెచ్చి ఇవ్వబోయాడు. నాన్నగారు పుచ్చుకోలేదు. "కప్పు ఉంచుకోండి బాబూ. తెలియక చేశారు. తీర్పు తేలింది, అంతే చాలు. భోజనం చేసి వెళ్లండి, చేపముక్కలున్నాయి," అన్నారు. తరవాత గడ్డిలో కూర్చున్న తమ్ముడివైపు తిరిగి, "లే. సోమవారం షెడ్డు తలుపు నువ్వే తియ్యి," అన్నారు. బాబాయి లేచాడు. అన్నయ్య చేతులు రెండూ పట్టుకున్నాడు. ఆ గ్రీసంతా నాన్నగారి తెల్లచొక్కా చేతులకి అంటింది. ఆయన చూసుకుని కూడా విదిలించుకోలేదు.

ఆ షెడ్డులోనే బాబాయి జీవితమంతా గడిచింది. చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే యంత్రాలు వచ్చాక కొల్లేటి ఊళ్లలో అతని చెయ్యి పడని మోటారు లేదు. రేసు బండి మాత్రం ఎక్కువకాలం రేసు బండిగా ఉండలేదు. ఒక ఎండాకాలం దాని ఇంజను చెరువుకి నీళ్లు తోడటానికి వెళ్లింది, చక్రాలు ఒక ట్రైలరుకి వెళ్లాయి, మిగతాది ఎవరికి ఏది కావలిస్తే వాళ్లు పట్టుకెళ్లారు. నాకు పెళ్లయింది. పిల్లలకి లెక్కలు చెప్పే ఉద్యోగంలో ఊళ్లు తిరిగాను. నాన్నగారు పోయి చాలా ఏళ్లయింది. ఐసు ఫ్యాక్టరీ స్థలంలో ఇప్పుడు ఫంక్షన్ హాలుంది. పెళ్లిభోజనాలకి వెళ్తే అలవాటుగా గాలి పీలుస్తాను, అగరుబత్తీ వాసన వస్తుంది.

ఫోను వచ్చిన ఆ వారంలోనే బాబాయిని ఎక్కించుకుని కొల్లేటికోట దారి పట్టాను. నా కారు చాలా తెలివైనది. గీత దాటితే కూస్తుంది, ముందు బండి దగ్గరైతే కూస్తుంది, బెల్టు పెట్టుకోకపోతే కూస్తుంది. "ఇన్నిసార్లు కూసేదాని మాట ఎవరు వింటారే?" అన్నాడు బాబాయి. మేం వెళ్లిన దారుల్లో కొన్ని గట్లు లేవు, కొట్టేశారు. సరస్సు హద్దు ఎక్కడ, చెరువు హద్దు ఎక్కడ అనే గొడవ మా చిన్నప్పుడే మొదలైంది, ఇంకా తేలలేదు. మిగిలిన గట్లు వెడల్పయ్యాయి. చల్లపెట్టె లారీలు ఎదురయ్యాయి, అన్నీ మూసుకుని, చుక్క నీరు కారకుండా. వాటిలో చేప రెండు రోజులు ఆగుతుందట, ఎవరూ ఎవరికీ దారి ఇవ్వక్కర్లేదు. అందరూ హారన్ కొడుతున్నారు, ఖాళీ బళ్లు కూడా. మంచిదే. చేప పాడు కాదు, పిల్లలు గట్టు మీంచి నీళ్లలో పడరు. ఆ రోజులే బాగుండేవని నేను అనను, నా కాలి మీద మచ్చ నన్ను అననివ్వదు. కానీ హారన్ మోగితే అవతలివాడికి నిజంగా తొందర ఉందని నమ్మే రోజులవి. ఆ నమ్మకం పోయినందుకు మాత్రం నాకు దిగులుగా ఉంది.

సుబ్బారావుగారి చెరువులో, చేపల మేత బస్తాల పడవ పక్కన, వెల్లకిలా తేలుతూ కనపడింది వెంకన్న చేసిన మూత. సొట్టలు పడింది, అంచున కొంచెం ఎర్ర రంగు ఇంకా మిగిలే ఉంది. పనివాళ్లు దాన్లో చిన్న చిన్న సామాన్లు వేసుకుని తిరుగుతారట. "ఎన్నాళ్ల నుంచి ఉందో తెలియదండీ, ఒక్క చుక్క నీరు రాదండీ," అన్నారు సుబ్బారావుగారు. బాబాయి నావైపు గర్వంగా చూశాడు, చిల్లులు వద్దన్నది తనే అయినట్టు. "ఎక్కవే, నీకు తప్ప ఎవరికీ పట్టదు," అన్నాడు. ఈ వయసులో చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, ఇద్దరు మనుషులు చేతులు పట్టుకోగా దిగి కూర్చున్నాను. పట్టాను. కొంచెం బిగువైంది గానీ పట్టాను. గెడ కర్ర ఇచ్చారు. నడుమ కూర్చున్నాను కదా, చెప్పినట్టే తిరిగింది. నాయనమ్మ ఉంటే ఎంత నవ్వేదో అనుకున్నాను.

చెరువు మధ్యకి వచ్చేసరికి వెనకనుంచి మేత పడవ మనిషి కేకేశాడు, "జరగండమ్మగారూ, లోడండీ!" నా చేతులు నన్ను అడగలేదు. గెడ వేసి ఎడమకి తీశాను. చెయ్యెత్తి వెళ్లమని ఊపాను. బస్తాల పడవ నన్ను దాటి వెళ్లింది. గట్టు మీద బాబాయి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "మళ్లీ ఇచ్చేశావటే దారి!" అని అరిచాడు. "ఈసారి లోడు వాళ్లదే బాబాయ్!" అని నేనూ అరిచాను. నవ్వుతూనే గట్టువైపు చూశాను, బాబాయి పక్కన ఇంకొకరు ఉండాల్సిన చోటువైపు. ఎవరూ ఏమీ అనలేదు. నీళ్లు కదిలి నా పడవకి మెల్లగా తగులుతున్నాయి. ఇక ఆగలేక నేనే పైకి అన్నాను, "అదీ!"